లెక్కకు రాని దెబ్బలు

అల్జీమర్స్ అనుకున్న మెదడులో మరో జబ్బు ఆనవాళ్లు పట్టుకున్న డాక్టర్ ఆన్ మెకీ పరిశోధన కథ ఇది.

2003లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, బెడ్‌ఫర్డ్‌లో ఉన్న మాజీ సైనికుల ఆసుపత్రి ల్యాబ్‌కు ఓ పాత బాక్సర్ మెదడు పరీక్ష కోసం వచ్చింది. చనిపోయేదాకా ఏళ్ల తరబడి ఆయనకు అల్జీమర్స్ అనుకునే వైద్యం చేశారు. మతిమరుపు, అయోమయం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం... లక్షణాలన్నీ ఆ జబ్బుకు సరిపోయాయి. మెదడును పలుచగా కోసి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద పెట్టి చూసిన డాక్టర్ ఆన్ మెకీకి మాత్రం అది అల్జీమర్స్ మెదడులా కనిపించలేదు.

అల్జీమర్స్‌కు మెదడులో రెండు గుర్తులుంటాయి. ఒకటి, నాడీకణాల బయట ముద్దలుగా పేరుకునే బీటా అమైలాయిడ్ అనే ప్రొటీన్. రెండోది, కణాల లోపల ఉండలు చుట్టుకుపోయే టౌ అనే మరో ప్రొటీన్. 1906లో జర్మన్ వైద్యుడు ఆలోయిస్ అల్జీమర్ తన రోగి ఆగుస్టె డేటర్ మెదడులో చూసి, ట్యూబింగెన్‌లో వైద్యుల సభకు వివరించింది ఈ రెంటినే. రెండూ ఉంటేనే ఆ జబ్బు. ఈ బాక్సర్ మెదడులో టౌ విపరీతంగా ఉంది. అమైలాయిడ్ జాడే లేదు. పైగా టౌ పేరుకున్న చోట్లు కూడా వేరు. అల్జీమర్స్‌లో టౌ మొదట జ్ఞాపకాలకు సంబంధించిన లోపలి భాగాల్లో మొదలై, ఓ క్రమంలో పైకి పాకుతుంది. ఇక్కడేమో మెదడు పైపొర ముడతల అడుగున, సన్నటి రక్తనాళాల చుట్టూ గుంపులు గుంపులుగా చేరింది.

ఇంకెవరైనా అయితే 'కొంచెం తేడాగా ఉన్న అల్జీమర్స్' అని రాసి ఫైలు మూసేసేవారేమో. మెకీ అలా చేయలేకపోయారు. ఎందుకంటే అప్పటికి ఆమె చదువంతా టౌ మీదే. టౌ చిక్కులకూ మతి తప్పడానికీ ఉన్న సంబంధం గురించి సహచరులతో కలిసి 1991లోనే పరిశోధన పత్రం ప్రచురించారు. అల్జీమర్స్ మెదళ్లను అంతగా చూసిన కళ్లు కాబట్టే అల్జీమర్స్ కానిదాన్ని పోల్చుకోగలిగాయి. ఆమె తర్వాత చేసిన పనికంతటికీ పునాది ఇదే. వార్తల్లో మాత్రం ఈ సంగతి పెద్దగా కనిపించదు. అక్కడ ఆమె పేరు ఫుట్‌బాల్‌ను ఎదిరించిన డాక్టరుగానే వినబడుతుంది.

ఆట పిచ్చి ఉన్న ఇల్లు

మెకీ 1953లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని యాపిల్టన్‌లో పుట్టారు. పక్కనే గ్రీన్ బే. ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు ప్యాకర్స్ అంటే ఆ చుట్టుపక్కల జనానికి ప్రాణం. మెకీ కూడా వాళ్ల వీరాభిమానే. ఆ జట్టు అభిమానులు నెత్తిన పెట్టుకునే జున్నుముక్క ఆకారపు పసుప్పచ్చ టోపీ ఆమె దగ్గరా ఉండేది. ఆటంటే గిట్టక ఈ పని పెట్టుకుందని ఆమె మీద నింద వేయడానికి వీల్లేకుండా పోయింది.

చిన్నప్పుడు బొమ్మలు గీయడమంటే ఇష్టం. మెడిసిన్‌లోకి వచ్చి, 1979లో కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం నుంచి పట్టా తీసుకున్నారు. ఆనక నాడీవైద్యం మీదుగా న్యూరోపాథాలజీకి, అంటే చనిపోయినవారి మెదడును పరీక్షించి జబ్బు తేల్చే శాస్త్రానికి చేరారు. రంగు, ఆకారం, అమరికల్లో తేడాను కంటితో పట్టుకోవాల్సిన పని ఇది. బొమ్మలు గీసిన మనిషికి అది నచ్చడంలో వింతేముంది!

ఆమె అభిమానించే ఈ ఫుట్‌బాల్ అంటే మనం ఆడేది కాదు. మనం ఫుట్‌బాల్ అనేదాన్ని వాళ్లు సాకర్ అంటారు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో కోలగుడ్డు ఆకారపు బంతిని పట్టుకుని పరిగెత్తేవాణ్ని అడ్డుకోవడానికి ఎదుటి జట్టు మీద పడుతుంది. ముందు వరుసలో నిలబడేవాళ్లు ప్రతి ఆటలోనూ, ప్రతి ప్రాక్టీసులోనూ ఎదుటివాడితో ఢీకొంటూనే ఉంటారు. హెల్మెట్ ఉంటుంది. పుర్రె పగలకుండా అది కాపాడుతుంది. లోపల మెదడు కదలకుండా మాత్రం ఆపలేదు. తాటికాయలో ముంజెలా మెత్తగా ఉండే ఆ పదార్థం, తల హఠాత్తుగా ఆగినప్పుడో గిర్రున తిరిగినప్పుడో సాగి, మెలికపడుతుంది. ఎక్కువ ఒత్తిడి పడేది సరిగ్గా ముడతల అడుగు భాగాల్లోనే అని లండన్ ఇంపీరియల్ కాలేజీ శాస్త్రవేత్తలు 2017లో కంప్యూటర్ నమూనాలతో చూపించారు. మెకీ స్లైడ్లలో టౌ గుంపులు కట్టిన చోటు కూడా అదే.

మామూలుగా టౌ మనకు శత్రువు కాదు. నాడీకణం పొడవాటి తోకలో సరుకులు మోసే సన్నటి గొట్టాలుంటాయి. అవి చెదిరిపోకుండా పట్టి ఉంచడం టౌ పని. తోక ఒక్కసారిగా సాగితే గొట్టాలు విరుగుతాయి, టౌ ఊడిపోతుంది. దానికి ఫాస్ఫేట్లు అతుక్కుని ఆకారం మారి, ఒకదానికొకటి పెనవేసుకుంటుంది. ఆ తర్వాత దెబ్బలు ఆగినా వ్యాప్తి ఆగదు. ఆట మానేసిన పదేళ్లకో ఇరవయ్యేళ్లకో కోపం పట్టలేకపోవడం, దిగులు, మాట తడబాటు, చివరికి మతి తప్పడం మొదలవుతాయి. అప్పటికి ఆ దెబ్బలు ఇంట్లో ఎవరికీ గుర్తుండవు.

బాక్సర్ల జబ్బు అనుకున్నారు

ఇది కొత్త జబ్బేమీ కాదు. అమెరికాలోని నెవార్క్‌లో ఫోరెన్సిక్ వైద్యుడిగా పనిచేసిన హారిసన్ మార్ట్‌లాండ్ 1928లోనే దీని గురించి రాశారు. గడియారాల ముళ్లకు రేడియం పూసే అమ్మాయిల దవడలు కుళ్లిపోవడానికి కారణం బయటపెట్టిన మార్ట్‌లాండ్ ఈయనే. కొందరు బాక్సర్లు తాగినవాళ్లలా తూలుతూ నడవడం, మాట ముద్దగా రావడం గమనించి, తలకు తగిలే దెబ్బలే కారణమని చెప్పారు. 1973లో బ్రిటన్‌లో జాన్ కోర్సెలిస్ బృందం పదిహేనుమంది బాక్సర్ల మెదళ్లు పరీక్షించి, లోపలి మార్పులు వివరంగా వర్ణించింది. క్రానిక్ ట్రామాటిక్ ఎన్‌సెఫలోపతీ, క్లుప్తంగా సీటీఈ అనే పేరు కూడా 1940ల నాటిదే. అయినా దాదాపు డెబ్బయ్యేళ్లపాటు ఇది బాక్సింగ్ బరి వరకే పరిమితమైన గొడవగా మిగిలిపోయింది.

ఆ గోడ బద్దలు కొట్టింది నైజీరియాలో పుట్టి పిట్స్‌బర్గ్‌లో పనిచేస్తున్న బెనెట్ ఒమాలు. 2002లో చనిపోయిన మైక్ వెబ్‌స్టర్ అనే పేరున్న ఫుట్‌బాల్ ఆటగాడి మెదడులో సీటీఈ కనిపెట్టి, 2005లో ప్రచురించారు. విల్ స్మిత్ నటించిన 'కన్‌కషన్' సినిమా ఈయన కథే. ఒమాలుది తొలి అడుగు. ఒక్కో మెదడూ పోగేసి, పోల్చి, దశలు గీసి, దాన్ని కాదనలేని శాస్త్రంగా నిలబెట్టే పని మెకీది. సినిమాకు పనికొచ్చేది మొదటిదే అయినా, ఎక్కువ కష్టం రెండోదే అనిపిస్తుంది.

2008లో బోస్టన్ విశ్వవిద్యాలయంలో మెకీ, నాడీశస్త్రవైద్యుడు రాబర్ట్ కాంటు, మనోవైజ్ఞానికుడు రాబర్ట్ స్టెర్న్, మాజీ మల్లయోధుడు క్రిస్ నొవిన్‌స్కీ కలిసి ప్రత్యేక పరిశోధన కేంద్రం పెట్టారు. నొవిన్‌స్కీ పని కొంచెం చిత్రమైనది. చనిపోయిన ఆటగాళ్ల కుటుంబాలకు ఫోన్ చేసి, అంత్యక్రియలు కాకముందే, మెదడు దానం చేస్తారా అని అడగాలి. అలా వచ్చిన తొలి ఫుట్‌బాల్ మెదళ్లలో ఒకటి హ్యూస్టన్ ఆయిలర్స్ ఆటగాడు జాన్ గ్రిమ్స్‌లీది. వయసు 45. ఆ వయసు మెదడులో ఉండకూడనంత టౌ ఉంది. అదే ఏడాది 45 ఏళ్లకే చనిపోయిన టామ్ మెక్‌హేల్ మెదడులోనూ అదే కథ.

2009లో మెకీ బృందం ఇద్దరు బాక్సర్లు, ఒక ఫుట్‌బాల్ ఆటగాడి కేసులను పాత వైద్యసాహిత్యంలోని 48 కేసులతో కలిపి పత్రం వెలువరించింది. ఆ ఏడాది మే నెలలో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ వైద్య కమిటీ ముందు ఆమె తన స్లైడ్లు చూపించారు. 1994లో ఏర్పడిన ఆ కమిటీకి చాలాకాలం అధిపతిగా ఉన్నది ఓ కీళ్లవాతం వైద్యుడు. తలకు తగిలే దెబ్బల మీద కమిటీకి అలాంటి పెద్దను పెట్టడంలోనే లీగ్ ఆసక్తి ఎంతో తెలుస్తుంది. ఆ గదిలో చాలామంది ఆమె మాట నమ్మలేదు. అక్టోబరులో ఆమె అమెరికన్ కాంగ్రెస్ కమిటీ ముందు సాక్ష్యమిచ్చారు. దెబ్బలకు దీర్ఘకాలిక ఫలితాలుంటాయని డిసెంబరులో లీగ్ ప్రతినిధి మొదటిసారి ఒప్పుకున్నారు. సీటీఈ పేరెత్తి, దానికీ ఫుట్‌బాల్‌కూ సంబంధం ఉందని లీగ్ పెద్ద ఒకరు అనడానికి మాత్రం 2016 దాకా పట్టింది.

ఈలోగా 2011 ఫిబ్రవరిలో మాజీ ఆటగాడు డేవ్ డ్యూర్సన్ ఆత్మహత్య చేసుకున్నారు. తన మెదడును పరిశోధనకు ఇమ్మని చీటీ రాసిపెట్టి, అది చెడకుండా గుండెకు గురిపెట్టుకున్నారు. ఆ మెదడు మెకీ దగ్గరికే చేరింది. సీటీఈ ఉంది.

111లో 110

2017 జులైలో అమెరికన్ వైద్య సంఘం పత్రికలో వచ్చిన లెక్క ప్రపంచమంతా మారుమోగింది. దానంగా వచ్చిన 202 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్ల మెదళ్లలో 177 మందికి సీటీఈ ఉంది. జాతీయ లీగ్‌లో ఆడిన 111 మందిలో 110 మందికి. కాలేజీ స్థాయిలో ఆగిపోయిన 53 మందిలో 48 మందికి. హైస్కూలుతో ఆట మానేసిన 14 మందిలో ముగ్గురికి.

ఈ అంకెల్ని చూసి 'ఫుట్‌బాల్ ఆడినవాళ్లలో 99 శాతానికి జబ్బు' అని రాసినవాళ్లున్నారు. అది తప్పు. ఏదో తేడా కనబడినవాళ్ల కుటుంబాలే మెదడు దానానికి ముందుకొస్తాయి. కాబట్టి ఇది జనాభా మొత్తం లెక్క కాదు, ఈ మాట పత్రంలో మెకీ బృందమే స్పష్టంగా రాసుకుంది. అలాగని కొట్టిపారేయడానికీ లేదు. గుండెజబ్బుల మీద దశాబ్దాలుగా సాగుతున్న ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనంలో మామూలు జనం దానం చేసిన 164 మెదళ్లను ఇదే కేంద్రం పరీక్షిస్తే, సీటీఈ కనిపించింది ఒక్కదాంట్లోనే. ఆ ఒక్కరూ కాలేజీలో ఫుట్‌బాల్ ఆడినవారే.

ఈ కథలో అసలు కీలకం మాత్రం ఈ అంకెల్లో కాదు, 2023లో 631 మెదళ్ల మీద వచ్చిన మరో పత్రంలో ఉంది. హెల్మెట్లలో అమర్చిన సెన్సర్లు ఏ స్థానంలో ఆడేవాడికి ఎన్ని దెబ్బలు, ఎంత బలంగా తగులుతాయో అప్పటికే నమోదు చేశాయి. ఆ కొలతలతో ప్రతి దాత జీవితకాలంలో తలమీద పడిన మొత్తం బరువును పరిశోధకులు అంచనా వేశారు. సీటీఈని ముందే చెప్పగలిగింది ఆ మొత్తమే. కళ్లు తిరిగి పడిపోయి, డాక్టరు 'కన్‌కషన్' అని రాసిన పెద్ద దెబ్బల సంఖ్యకూ జబ్బుకూ పొంతన కుదరలేదు. అంటే టీవీలో పదే పదే చూపించే ఆ ఒక్క భయంకరమైన ఢీ కాదు, ఎవరూ పట్టించుకోని, ఆటగాడు దుమ్ము దులుపుకుని లేచి మళ్లీ నిలబడే వేలాది చిన్న దెబ్బలే చేటు చేస్తున్నాయి. ముందు వరుస ఆటగాడికి ఒక్క సీజన్‌లోనే అలాంటివి వెయ్యి దాటవచ్చు. దెబ్బ తగిలాక కన్‌కషన్ ఉందో లేదో చూసి ఆటగాణ్ని పక్కన కూర్చోబెట్టే నియమాలు మంచివే. కానీ అవి కాపలా కాస్తున్నది వేరే వాకిలి. 2020లో ఇదే బృందం వేసిన లెక్క ప్రకారం ఆడిన ప్రతి ఏడాదికీ సీటీఈ వచ్చే అవకాశం 30 శాతం పెరుగుతుంది.

వయసు విషయంలోనూ పాత నమ్మకాలు కూలాయి. హత్య కేసులో జైల్లో ఉంటూ 2017లో 27 ఏళ్లకే ప్రాణం తీసుకున్న మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు ఆరన్ హెర్నాండెజ్ మెదడులో మెకీకి మూడో దశ సీటీఈ కనిపించింది. మొత్తం నాలుగే దశలు. ఆ నేరాలకు కారణం ఇదేనా అని అందరూ అడిగితే, ఒక్క మెదడును చూసి ఒకరి చేతలకు కారణం చెప్పలేమనే ఆమె అన్నారు. మూడు పదులు దాటకుండా చనిపోయిన 152 మంది ఆటగాళ్ల మెదళ్లలో 63 మందికి, అంటే 41 శాతానికి సీటీఈ ఉందని 2023లో తేలింది. ఎక్కువమందికి తొలి దశలే. వాళ్లలో సాకర్ ఆడిన ఒక అమ్మాయి కూడా ఉంది.

రెండు జబ్బులు, ఒకే ప్రొటీన్

ఇంతకీ ఇది అల్జీమర్స్‌కు తమ్ముడా, పూర్తిగా పరాయిదా? 2015లో ఏడుగురు న్యూరోపాథాలజిస్టులకు టౌ పేరుకునే రకరకాల జబ్బుల 25 కేసుల స్లైడ్లు, రోగి వివరాలేవీ చెప్పకుండా ఇచ్చి చూడమన్నారు. సీటీఈని వాళ్లు వేరే జబ్బుగా గుర్తించగలిగారు. 2019లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు అతిశీతల ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో టౌ పోగుల్ని అణువుల స్థాయిలో చూశారు. సీటీఈలో టౌ మడతపడే తీరు అల్జీమర్స్‌లోలా లేదు. మడతల మధ్య కొంచెం పెద్ద ఖాళీ, అందులో ఏదో చిక్కుకున్న పదార్థం. 2003లో బెడ్‌ఫర్డ్‌లో మెకీ కంటికి తోచిన తేడాకు పదహారేళ్ల తర్వాత అణువు స్థాయిలో సాక్ష్యం దొరికింది.

ఇక తలకు ఒక్కసారే పెద్ద గాయమైతే? బైకు మీంచి పడటం, మెట్ల మీంచి జారడం లాంటివి. ఒక్క ప్రమాదంతో సీటీఈ వస్తుందని భయపడాల్సిన పనిలేదు, అది పదే పదే పడే దెబ్బల జబ్బు. కానీ డిమెన్షియాతో (మతి తప్పే జబ్బులన్నిటికీ ఉమ్మడి పేరు) గాయానికి ఉన్న బంధుత్వం వేరే దారిలో నడుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో తలకు గాయమైన అమెరికన్ సైనికుల మీద 2000లో వచ్చిన అధ్యయనంలో, ఓ మోస్తరు గాయమైనవాళ్లకు అల్జీమర్స్ ముప్పు రెండింతలకు పైగా, తీవ్రగాయమైనవాళ్లకు నాలుగింతలకు పైగా కనిపించింది. 28 లక్షల మంది రికార్డులు చూసిన 2018 నాటి డెన్మార్క్ అధ్యయనంలో డిమెన్షియా ముప్పు 24 శాతం ఎక్కువని తేలింది. తలగాయంతో చనిపోయినవాళ్లలో సుమారు మూడోవంతు మందికి, గాయమైన కొన్ని రోజుల్లోనే అమైలాయిడ్ ముద్దలు ఏర్పడ్డాయని 1990లలో బ్రిటన్ పరిశోధకులు చూశారు. డిమెన్షియాను నివారించే దారులు వెతికే లాన్సెట్ కమిషన్ 2020లో తలగాయాన్ని ముప్పుల జాబితాలో చేర్చింది.

మన దగ్గర ఈ మాట క్రీడల కన్నా రోడ్డుకే ఎక్కువ వర్తిస్తుంది. 2022లో దేశంలో హెల్మెట్ లేక చనిపోయినవాళ్లు 50 వేలు దాటారని కేంద్ర రవాణా శాఖ లెక్క. బతికి బయటపడి, కుట్లు విప్పించుకుని, 'ఏం కాలేదు' అనుకుని ఇంటికెళ్లినవాళ్ల లెక్క అందులో లేదు.

అయితే ఒకే మోతాదులో టౌ ఉన్న ఇద్దరిలో ఒకరు యాభైకే మతి తప్పితే, మరొకరు డెబ్బై దాకా నెట్టుకొస్తారు. మెదడుకున్న ఈ నిలవశక్తి మీద ప్రపంచం పదే పదే ఉదహరించే ఓ అధ్యయనం హైదరాబాద్‌లోనే జరిగింది. నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూసింది. రెండో భాష వచ్చినవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. అసలు బడికే వెళ్లనివాళ్లలోనూ ఈ తేడా కనిపించింది కాబట్టి చదువు వల్లే అనడానికి వీల్లేకపోయింది. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిపి మాట్లాడే నగరం కాబట్టే ఈ అధ్యయనం సాధ్యమైంది. 2013లో వెలువడిన ఆ పత్రం తర్వాత నాలుగేళ్లకు బోస్టన్ బృందం తన ఆటగాళ్లలోనూ ఇలాంటిదే గమనించింది. ఆట మానేశాక మెదడుకు పనిపెట్టే ఉద్యోగాలు చేసినవాళ్లలో సీటీఈ లక్షణాలు ఆలస్యంగా మొదలయ్యాయి. చూసింది పాతికమందినే కనుక తొలి ఆధారంగానే తీసుకోవాలి.

బతికుండగా ఎలా?

మెకీ పనికి ఉన్న పెద్ద పరిమితి ఆమెకు బాగా తెలుసు. మనిషి చనిపోతే గాని సీటీఈని నిర్ధారించలేరు. 2019లో స్టెర్న్ బృందం, లక్షణాలున్న 26 మంది మాజీ ఆటగాళ్లకు టౌను చూపించే పెట్ స్కాన్ తీసింది. సమూహంగా చూస్తే మామూలువాళ్ల కన్నా టౌ ఎక్కువే కనబడింది. కానీ ఫలానా మనిషికి జబ్బుందని చెప్పేంత స్పష్టత రాలేదు. బతికుండగా నిర్ధారించే దారి కోసం 120 మంది మాజీ లీగ్ ఆటగాళ్లు, 60 మంది కాలేజీ ఆటగాళ్లు, తలకు దెబ్బలెరుగని మరో 60 మందితో పెద్ద అధ్యయనం చేశారు. రక్తం, వెన్నునీరు, స్కాన్లు, జ్ఞాపకశక్తి పరీక్షలు అన్నీ అందులో ఉన్నాయి.

అలాంటి దారి దొరికేదాకా డాక్టరు చేతిలో ఉన్న సాధనం రోగి గతమే. యాభైల్లో ఉన్న మనిషి మతిమరుపుతోనో, కారణం లేని కోపంతోనో వస్తే, చిన్నప్పుడు ఏ ఆట ఆడారు, ఎన్నేళ్లు ఆడారు, తలకు ఎప్పుడైనా గట్టి దెబ్బలు తగిలాయా అని అడగాలి. అల్జీమర్స్ అని రాసేముందు.